కర్రతో దొర్లించే టైరుకి లగ్రాంజియన్ దొరుకుతుందా?

వీడియో చూడకుండా ఇక్కడ టెక్స్ట్ చదువుతున్నవాళ్ళకి ఒక్క మాట. బోర్డు మీద రాసిన ఫార్ములాలు ఇక్కడ పెట్టలేదు, అన్నీ నోటితో చెప్పినట్టే ఉంచాం. ఫోన్లో చదువుకోడానికి అదే సుఖం.

ఇవాళ్టి టాపిక్ పేరు చెబితే సగం మంది వెళ్ళిపోతారని నాకు తెలుసు. నాన్‌హోలోనమిక్ షరతులున్న మెకానిక్స్‌లో ఇన్వర్స్ వేరియేషనల్ ప్రాబ్లమ్. ఆగండి, వెళ్ళకండి. చిన్నప్పుడు పాత సైకిల్ టైరుని కర్రతో కొట్టుకుంటూ వీధంతా పరిగెత్తడం గుర్తుందా? మీరు ఆడకపోతే మీ నాన్నగారిని అడగండి. ఇవాళ మన హీరో ఆ టైరే. ప్రశ్న ఒకటే: ఆ టైరు కదలికని మొత్తం ఒకే ఒక్క ఫార్ములాలో పెట్టొచ్చా? పెడితే ఆ ఫార్ములా నిజం చెబుతుందా, మనల్ని కాలవలోకి తోస్తుందా?

ముందు గుడివాడ జంక్షన్‌కి వెళ్దాం. అక్కడ్నించి బందరు వెళ్ళే రైలెక్కండి. ఇంజన్ చక్రం మీద సున్నంతో ఒక గీత గీసి, ఆ గీత ఎన్నిసార్లు కిందికొచ్చిందో లెక్కపెడుతూ కూర్చున్నారనుకోండి. కిటికీలోంచి చూడకుండానే రైలెక్కడుందో చెప్పేయొచ్చు. గుడ్లవల్లేరు దాటిందా, పెడన వచ్చిందా, అన్నీ చుట్ల లెక్కలోనే ఉన్నాయి. "చక్రం జారకూడదు" అనేది పైకి వేగాల గురించిన షరతులా కనిపిస్తుంది. కానీ పట్టాల మీద అది నిజానికి స్థానం గురించిన షరతే. ఇన్ని చుట్లు అంటే ఇంత దూరం, అంతే. ఇలాంటిదాన్ని హోలోనమిక్ అంటారు. మన బీటెక్ మెకానిక్స్‌లో చెప్పేవి దాదాపు ఇవే.

ఇప్పుడు బందర్లో రైలు దిగి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ బస్సెక్కి దివిసీమలోకి రండి. ఇక్కడ పట్టాలుండవు, కాలవ గట్లుంటాయి. గట్టు మీద టైరు దొర్లించండి. షరతు అదే, జారకూడదు. కానీ ఈసారి చుట్లు లెక్కపెట్టి టైరెక్కడుందో చెప్పండి చూద్దాం? చెప్పలేరు. ఎటు తిరిగి ఎటు వెళ్ళిందో తెలియాలి కదా.

ఇంట్లోనే చేసి చూడండి. పది రూపాయల నాణెం తీసుకోండి, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. అంటే ఒక చుట్టుకి దాదాపు 85 మిల్లీమీటర్లు వెళ్తుంది. టేబుల్ మీద నిలబెట్టి, వేలితో పట్టుకుని, జారనివ్వకుండా 30 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న దారిలో ఒక రౌండ్ తిప్పి మొదలెట్టిన చోటికే తీసుకురండి. నాణెం మూడున్నర చుట్లు తిరిగి ఉంటుంది, బొమ్మ తలకిందులైపోతుంది. ఈసారి 40 సెంటీమీటర్ల దారిలో తిప్పండి, నాలుగూ ముప్పావుకి కొంచెం తక్కువ. చోటు అదే, ముఖం అదే దిక్కుకి, కానీ బొమ్మ వేరే కోణంలో. అంటే స్థానానికీ చుట్లకీ మధ్య స్థిరమైన లెక్కేమీ లేదు. షరతు వేగాల మీదే ఉంది, దాన్ని ఎంత పిండినా స్థానాల మీద షరతు రాదు. నాన్‌హోలోనమిక్ అంటే ఇదే. ఈ పేరు పెట్టింది హైన్రిక్ హెర్ట్జ్, రేడియో తరంగాల హెర్ట్జే, 1894లో వచ్చిన తన మెకానిక్స్ పుస్తకంలో.

దీనివల్ల ఒక తమాషా ఉంది. టైరు ఏ క్షణంలోనూ పక్కకి జరగదు. కానీ ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ చివరికి పక్కకి చేరిపోవచ్చు. ఇరుకు సందులో కారు పార్క్ చేసేవాళ్ళంతా రోజూ చేసే పని ఇదే. నాగాయలంకలో మా బావ ట్రాక్టర్ తోల్తాడు. గట్టు మీద వడ్ల బస్తాల ట్రక్కుని రివర్స్ చేస్తుంటే చూసి, "బావా, స్టీరింగ్ ఎటు తిప్పాలో ఎలా తెలుస్తుంది?" అని అడిగా. "తెలియడమేంట్రా, అటు పక్క కాలవుంది, ఇటు పక్క మడి ఉంది, అదే చెబుద్ది" అన్నాడు. డిఫరెన్షియల్ జామెట్రీ మీద ఇంత పొట్టి లెక్చర్ నేనెక్కడా వినలేదు.

సరే, ఇప్పుడు లగ్రాంజియన్. తెలియనివాళ్ళ కోసం త్వరగా చెప్పేస్తా. ఒక వస్తువు ఇక్కడ్నించి అక్కడికి వెళ్తోంది. ప్రతి క్షణానికీ ఒక ధర ఉందనుకోండి. మామూలుగా ఆ ధర, కదలిక శక్తిలోంచి స్థితిశక్తి తీసేస్తే వచ్చేది. ఆ ధర ఫార్ములానే లగ్రాంజియన్. దారంతా కలిపితే వచ్చే మొత్తం బిల్లుని యాక్షన్ అంటారు. నిజంగా జరిగే కదలిక ఏదంటే, దారిని ఇటూ అటూ పిసరంత మార్చినా బిల్లు మారనిది. "ప్రకృతి తక్కువ ఖర్చు దారి ఎంచుకుంటుంది" అని రీల్స్‌లో చెబుతుంటారు, అది పూర్తిగా నిజం కాదు. తక్కువే అవ్వాలని లేదు, బిల్లు కదలకుండా నిలబడాలి, అంతే.

లగ్రాంజియన్ ఇస్తే కదలిక ఈక్వేషన్లు రాయడం ముందుకు నడక. ఇన్వర్స్ ప్రాబ్లమ్ అంటే వెనక్కి నడక. కదలిక తెలుసు, ఈక్వేషన్లు తెలుసు, వాటి వెనక ఏదైనా లగ్రాంజియన్ ఉందా? బందరు లడ్డు నోట్లో వేసుకుని, శనగపిండి ఎంత, బెల్లం ఎంత, నెయ్యి ఎంత అని చెప్పమన్నట్టు. రెసిపీ అసలు ఉండకపోవచ్చు. ఒకటి కాదు, నాలుగు ఉండొచ్చు. నాలుగూ అదే రుచి ఇవ్వొచ్చు.

దీనికి హెల్మ్‌హోల్ట్జ్ 1887లో పరీక్షలు పెట్టాడు. మీ ఈక్వేషన్లు ఆ పరీక్షల్లో పాసయితే లగ్రాంజియన్ ఉన్నట్టు. ఒక చిన్న ఉదాహరణ. కాలవలో పడవ, మోటార్ ఆపేశారు. నీళ్ళు దాని స్పీడుకి తగ్గట్టు వెనక్కి లాగుతున్నాయి అనుకుందాం. ఆ ఈక్వేషన్ని ఉన్నదున్నట్టు పరీక్షకి పంపితే ఫెయిల్. అదే ఈక్వేషన్ని టైమ్‌తో పాటు పెరిగే ఒక ఎక్స్‌పొనెన్షియల్‌తో గుణించి పంపండి, పాస్! పడవ మారలేదు, కదలిక మారలేదు, మనం రాసే తీరు మారింది. కాబట్టి అసలు ప్రశ్న "ఈ ఈక్వేషన్‌కి లగ్రాంజియన్ ఉందా" అని కాదు, "దేంతో గుణిస్తే వస్తుంది" అని. రెండు కోఆర్డినేట్లున్న సిస్టమ్స్‌కి దీని జవాబు మొత్తం 1941లో జెస్సీ డగ్లస్ రాశాడు. 1936లో మొట్టమొదటి ఫీల్డ్స్ మెడల్స్ అందుకున్న ఇద్దరిలో ఆయనొకడు. రెండు దాటితే చిక్కులు చాలా ఉన్నాయి, ఈ ఎపిసోడ్‌కి వద్దు.

మన టైరుకి వద్దాం. టైరు నిటారుగానే ఉంటుంది, పడిపోదు అనుకుందాం. దానికి నాలుగు సంఖ్యలు: నేల మీద రెండు స్థానాలు, ఎటు చూస్తోందో చెప్పే కోణం, ఎంత దొర్లిందో చెప్పే కోణం. షరతు: టైరు మధ్యబిందువు వేగం, టైరు చూస్తున్న దిక్కులోనే ఉండాలి, దాని విలువ వ్యాసార్ధం ఇంటూ దొర్లే వేగం.

ఇక్కడే పెద్ద పెద్దవాళ్ళు కూడా జారిపడ్డారు. షరతుని తీసుకెళ్ళి ముందే కదలిక శక్తిలో కూర్చోబెట్టి, మామూలు లగ్రాంజ్ ఈక్వేషన్లు రాసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. లిండెలోఫ్ 1895లో దొర్లే వస్తువుకి అలాగే చేశాడు. అది తప్పని చాప్లిగిన్ 1897లో చూపించాడు. నిటారు టైరుకైతే అదృష్టం కొద్దీ ఆ పద్ధతిలోనూ సరైన జవాబే వస్తుంది. దానివల్లే ఇంకా ప్రమాదం, ఒకచోట పనిచేసిందని అన్నిచోట్లా వాడేస్తాం.

రెండో దారి ఇంకా ఆకర్షణీయంగా ఉంటుంది. షరతుని ఒక మల్టిప్లయర్‌తో గుణించి లగ్రాంజియన్‌కి కలిపేసి, బిల్లు కదలని దారి వెతకడం. రైలుకి ఇది కరెక్ట్. టైరుకి తప్పు. ఎంఎస్సీ ఫిజిక్స్ వాళ్ళు, నెట్, గేట్ రాసేవాళ్ళు జాగ్రత్తగా వినండి. మీ బల్ల మీదుండే గోల్డ్‌స్టీన్ క్లాసికల్ మెకానిక్స్ 3వ ఎడిషన్‌లో నాన్‌హోలోనమిక్ షరతులకి చెప్పింది ఈ దారే. అది చెల్లదని ఫ్లానరీ 2005లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో వివరంగా రాశాడు. గోల్డ్‌స్టీన్ గొప్ప పుస్తకమే, నేనూ దాంట్లోనే చదివాను. ఆ సెక్షన్ మాత్రం పెన్సిల్ చేత్తో పట్టుకుని చదవండి.

తప్పు అంటే ఎంత తప్పు? నేను ఇదివరకు ఉద్యోగం చేసిన చోట, పేరు అనవసరం, గోదాములో సరుకు మోసే చిన్న బళ్ళకి పక్క టీమ్ సిమ్యులేషన్ రాసేది. మోటార్ ఆపేసి వదిలేస్తే బండి ఎలా దొర్లుతుందో చూడాలి. స్క్రీన్ మీద బండి పాములా మెలికలు తిరుగుతూ పోయేది. నేల మీద అసలు బండి మాత్రం బుద్ధిగా గుండ్రటి వంపులో వెళ్ళేది. వారాల తరబడి ఫ్రిక్షన్ నంబర్లు మార్చుకుంటూ కూర్చున్నారు. ఫ్రిక్షన్‌లో ఏం లేదు. మల్టిప్లయర్ పద్ధతిలో రాస్తే టైరు ముఖం తిరిగే కోణానికి లోలకం లాంటి ఈక్వేషన్ వస్తుంది, అందుకే ఊగుతుంది. అసలు టైరుకి ఆ ఊగుడు లేదు. ఏ వేగంతో దొర్లడం మొదలెట్టిందో అదే, ఏ వేగంతో ముఖం తిరుగుతోందో అదే. కాబట్టి దారి గుండ్రంగా ఉంటుంది, ముఖం తిరక్కపోతే తిన్నగా.

సరైన దారి డాలాంబేర్‌ది. రోడ్డు టైరుని పక్కకి జారకుండా నెట్టే బలం ఉంటుంది, కానీ షరతు ఒప్పుకునే ఏ కదలికలోనూ ఆ బలం పని చెయ్యదు. అదే నియమం పెట్టుకుని ఈక్వేషన్లు రాయాలి. 1995లో లూయిస్, మర్రే అనే ఇద్దరు, తిరుగుతున్న బల్ల మీద బంతిని దొర్లించి రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పోల్చారు. బంతి డాలాంబేర్ వైపే మొగ్గింది.

అలాగని మల్టిప్లయర్ పద్ధతి చెత్తబుట్టలోకి కాదండోయ్. దాని ప్రశ్న వేరు. మా బావ ట్రక్కుని గట్టు మీద ఈ చివర్నించి ఆ చివరికి అతి తక్కువ శ్రమతో ఎలా తిప్పాలి అంటే, దానికి జవాబు ఆ పద్ధతే ఇస్తుంది. అక్కడ స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఉన్నాడు, ఎంచుకుంటున్నాడు. వదిలేసిన టైరు ఏం చేస్తుంది అనేది ఇంకో ప్రశ్న, అక్కడ ఎంచుకునేవాడు లేడు. షరతు ఒకటే, ప్రశ్నలు రెండు, జవాబులు రెండు. రైలు విషయంలో ఈ రెండూ ఒకటైపోతాయి కాబట్టి మనకి తేడా తెలియదు.

ఇప్పుడు అసలు కథ. డాలాంబేర్ ఇచ్చిన కదలిక బిల్లు లెక్కలోంచి రాలేదు. మరి దానికి వెనక్కి నడిచి లగ్రాంజియన్ వెతకొచ్చా? షరతులేవీ విడిగా పెట్టకుండా, మామూలు లగ్రాంజియన్?

టైరుకి దొరుకుతుంది! 2008లో ఫెర్నాండెజ్, బ్లాక్ ఇద్దరూ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్ ఏ లో ఇలాంటి సమానత్వాల గురించి రాశారు. నేను ఆ లెక్కని చేత్తో చేసి చూసి, కొంచెం సర్ది చెబుతా. మూడు ముక్కలు. ఒకటి, జారకుండా దొర్లే టైరు మొత్తం శక్తి, అంటే దొర్లుడు శక్తీ దాంతో పాటు ముందుకెళ్ళే శక్తీ. రెండు, ముఖం తిరిగే శక్తి. మూడు, జారుడు. టైరు అసలు వేగానికీ, జారకుండా ఉంటే ఉండాల్సిన వేగానికీ తేడా తీసుకోండి. దాన్ని స్క్వేర్ చేసి, సగం ద్రవ్యరాశితో గుణించండి. దీన్ని కలపకూడదు, తీసేయాలి. మొదటి రెండు ప్లస్, మూడోది మైనస్. అంతే ఫార్ములా.

ఎందుకు పనిచేస్తుందో చూడండి, చాలా ముచ్చటగా ఉంటుంది. ఈ ఫార్ములాలో టైరు ఎక్కడుందనేది ఎక్కడా రాదు. కోడూరులో ఉన్నా హంసలదీవిలో ఉన్నా ధర ఒకటే. స్థానం రాకపోతే ఆ దిక్కులో మొమెంటం మారదు, ఇది మీకు తెలిసిన రూలే. ఇక్కడ ఆ మొమెంటం ఏంటయ్యా అంటే, జారుడు వేగమే, మైనస్ ద్రవ్యరాశితో గుణించి. అంటే ఈ లగ్రాంజియన్ చెప్పేది: జారుడు మారదు. మొదట్లో సున్నా అయితే ఎప్పటికీ సున్నా. సున్నాగా ఉన్నంతకాలం మిగతా ఈక్వేషన్లు చూస్తే దొర్లే వేగం మారదు, తిరిగే వేగం మారదు. డాలాంబేర్ టైరు అచ్చంగా ఇదే!

షరతు ఎక్కడికి పోయింది? మొదలెట్టే క్షణంలోకి పోయింది. ముందు అది ప్రతి క్షణం కాపలా కాసే పోలీసు. ఇప్పుడు గేటు దగ్గర ఒక్కసారి టికెట్ చూసేవాడు.

మరి టికెట్ లేకుండా లోపలికొస్తే? ఇక్కడే ఈ ఫార్ములా ఆట కట్టు. సెకనుకి ఒక్క మిల్లీమీటర్ జారుడుతో మొదలెట్టండి. ఫార్ములా ప్రకారం ఆ జారుడు తగ్గదు, పెరగదు, దిక్కు కూడా మారదు. టైరు ఎటు తిరిగినా సరే, దేవుడికి మొక్కుకున్నట్టు అటువైపే జారుతుంది. గంటకి 3600 మిల్లీమీటర్లు, అంటే 3.6 మీటర్లు. గట్టు మీద అంత పక్కకి పోతే ఇంకేముంది, కాలవలోనే. నిజమైన టైరు అలా చెయ్యదు, ఫ్రిక్షన్ వెంటనే దాని సంగతి చూస్తుంది. కాబట్టి ఈ లగ్రాంజియన్ నిజమైన కదలికలన్నిటినీ ఇస్తుంది, వాటితో పాటు బోలెడు దొంగ కదలికల్ని కూడా ఇస్తుంది. కోడ్ రాసేవాళ్ళు దీన్ని వాడితే గేటు దగ్గర చెకింగ్ గట్టిగా పెట్టుకోవాలి, రౌండాఫ్‌తో వచ్చిన చిన్న జారుడు కూడా పోగవుతూ పోతుంది.

ఇంకో రెసిపీ కూడా ఉంది. బ్లాక్, ఫెర్నాండెజ్, మెస్ట్‌డాగ్ ముగ్గురూ 2009లో ఈ టైరుకే హెల్మ్‌హోల్ట్జ్ పరీక్షలు పెట్టే పద్ధతి తీసుకొచ్చారు. అందులో మెలిక ఏంటంటే, షరతుని వాడుకుని టైరు ఈక్వేషన్లని రకరకాలుగా తిరగరాయొచ్చు. షరతు మీద అన్నీ ఒకటే, బయట వేరు వేరు. ఒక రకంగా తిరగరాస్తే వచ్చే లగ్రాంజియన్‌లో, ముఖం తిరిగే వేగం కింద భాగహారంలో కూర్చుంటుంది. టైరు వంపు తిరుగుతున్నంతసేపూ బ్రహ్మాండం. తిన్నగా వెళ్ళిందా, సున్నాతో భాగహారం. తిన్నటి రోడ్డు మీద పనిచెయ్యని టైరు ఫార్ములా! నాకైతే ఇది చదివి నవ్వొచ్చింది, కానీ లెక్కలో తప్పేం లేదు.

ఇంత కష్టం ఎందుకు అంటారా? లగ్రాంజియన్ దొరికితే హామిల్టోనియన్ వస్తుంది. హామిల్టోనియన్ వస్తే లక్షల స్టెప్పులు నడిపినా ఎనర్జీ కొట్టుకుపోని సిమ్యులేషన్ పద్ధతులన్నీ మన చేతికొస్తాయి. క్వాంటమ్ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకీ అదే తలుపు.

అన్నిటికీ దొరుకుతుందా అంటే, లేదు. సూపర్‌మార్కెట్ ట్రాలీ చూడండి, వెనక రెండు చక్రాలు బిగించి, ముందు రెండు గిరగిరా తిరిగేవి ఉంటాయే, అది. దాన్ని వెనక చక్రాలు ముందుండేలా తోసి వదిలేయండి. కాసేపటికి గిర్రున తిరిగి సరైన దిక్కుకి వచ్చేసి తిన్నగా పోతుంది. దీని సింపుల్ రూపం చాప్లిగిన్ స్లెడ్జ్: బరువు ముందుకి, పక్కకి జరగనివ్వని ఒక కత్తి అంచు వెనక. ఫ్రిక్షన్ వల్ల ఎనర్జీ పైసా కూడా పోదు అనుకున్నా, దాని తిరుగుడు దానంతటదే చచ్చిపోతుంది, ఆ శక్తంతా ముందుకెళ్ళే వేగంలోకి పోతుంది. ఎలా మొదలెట్టినా చివరికి తిన్నటి నడకే. హామిల్టోనియన్ లోకంలో ఇది కుదరదు. అక్కడ దారులన్నీ ఒక గీత మీదికి కుంచించుకుపోవడానికి వీల్లేదు, వాల్యూమ్ నిలబడాలి, అది లియూవిల్ సిద్ధాంతం. స్లెడ్జ్ వేగాల లెక్కలో అన్నిచోట్లా నున్నగా పనిచేసే అలాంటి వాల్యూమ్ కొలత లేనే లేదు. టైరుకి పడినంత సుళువుగా దీనికి పడదు. చాప్లిగిన్ 1911లో ఇంకొన్ని సిస్టమ్స్‌కి గడియారాన్నే సాగదీసి, అంటే టైమ్‌ని ఒక ఫంక్షన్‌తో గుణించి, హామిల్టోనియన్ రూపం తెచ్చాడు. ఆ ఉపాయం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చెయ్యదు అనే పని ఇప్పటికీ నడుస్తోంది.

మీ కోసం చిన్న హోంవర్క్. పైన చెప్పిన మూడు ముక్కల ఫార్ములాలో జారుడు ముందున్న మైనస్ తీసి ప్లస్ పెట్టి చూడండి. మొదట్లో జారుడు సున్నా అయితే అప్పుడు కూడా టైరు సరిగ్గానే దొర్లుతుందా? కాగితం, పెన్ను చాలు, అరగంట పని. నాకు తెలిసిన జవాబు వచ్చే ఎపిసోడ్ మొదట్లో చెబుతా. ఆ ఎపిసోడ్ ఒక వింత రాయి గురించి, ఒకవైపు తిప్పితే హాయిగా తిరుగుతుంది, రెండోవైపు తిప్పితే మొరాయించి, ఊగి, వెనక్కి తిరుగుతుంది. ఉంటానండి.